ఒక చెంచా పొడి

యూనివర్సిటీ గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టి, హేమంత్ మెట్ల మీద కూర్చుని గ్లాసులో కండలు పెంచే పొడి కలుపుకుంటున్నాడు.

రోజూ అక్కడ నడిచే బక్కపలచటి పెద్దమనిషి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“ఎందుకు తాగుతాండావు నాయనా ఇది? పోటీలకేమన్నా పోతాండావా?”

“పోటీలేం లేవు సార్. ఊకెనే ఉరుకుత. హాస్టల్ పప్పుచారుతోని ఒళ్లేడ వస్తది? దోస్తులందరు తాగుతున్నరు.”

“యాడ కొన్నావు?”

“తార్నాకల ఎస్టీడీ బూత్ మీద మా జిమ్ము ఉన్నది. మాస్టరే ఇస్తడు. బయట దొరకది.”

“నాకొక చెంచా ఇస్తావా?”

హేమంత్ సరేనన్నాడు. రేపు పొట్లం కట్టి ఇమ్మని రూమ్మేట్ దేవేందర్‌కు చెప్పాడు.

“ముసలోనికి గిప్పుడు కండలు కావాల్నా?” అని దేవేందర్ నవ్వుకున్నాడు.

మర్నాడు హేమంత్‌కు తెలియకుండా, ఆ పొడికి బదులు మెస్సులోని పాలపొడి పొట్లం కట్టి ఇచ్చాడు.

ఆయన దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

ఆ వారంలోనే హేమంత్‌కు అన్నం సయించకుండా పోయింది. డొక్కలో నొప్పి. భయపడి పొడి పక్కన పెట్టాడు.

పదో రోజు పెద్దమనిషి మళ్లీ వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

“పరీక్ష చేసి చూసినాను. కలపకూడని మందులేవీ లేవు. నేనే తప్పు తలచినాను. తాగు నాయనా, భయం లేదు.”

పక్కనే ఉన్న దేవేందర్‌కు అసలు సంగతి నోటిదాకా వచ్చింది. హేమంత్ తిడతాడని ఊరుకున్నాడు. రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు రాలేదు.

తగ్గిన బరువు తిరిగి రావాలని హేమంత్ ఆ సాయంత్రం నుంచే రెండేసి చెంచాలు వేసుకున్నాడు.

నెల తిరక్కముందే ఆసుపత్రిలో చేర్చారు. ఐదో రోజు పోయాడు.

పరీక్షకు పొడి డబ్బా తెచ్చిచ్చిన దేవేందర్‌ను డాక్టర్ పక్కకు పిలిచాడు.

“ఇందులో ఒళ్లు పెంచే స్టెరాయిడ్ మందు కలిపారు. దానితోనే కాలేయం పాడైంది. ఎవరిచ్చారు?”

“తార్నాక జిమ్ము మాస్టర్ సార్.”



“అతని మీద గంగాధర్ గారని, ల్యాబులో పనిచేసే ఆయన పోలీసు కేసు పెట్టారు. పోయిన నెల ఆయనే వెళ్లి వాపసు తీసుకున్నారు. ఎవరో కుర్రాళ్లిచ్చిన పొడి పరీక్ష చేస్తే ఏమీ దొరకలేదట.”



“ఆయనెందుకు పెట్టిండు సార్ కేసు?”

“పోయినేడాది ఈ పొడి తాగి, ఈ వార్డులోనే పోయిన పిల్లాడి తండ్రి ఆయన.”