పేజీ తిన్న మనిషి

చింపిన పేజీని అతను ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాడు.

నగేష్ ఒక్క అంగలో కౌంటర్ దాటి వచ్చాడు.

"థూ. కాయితం తింటున్నవారా? తెరువు నోరు."

అతను తెరవలేదు. మాసిన గడ్డం, చెమట కంపు. ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చినట్టు తెల్లటి మచ్చ.

నగేష్ అతని దవడలు నొక్కిపట్టి, రెండు వేళ్లతో పేజీని బయటికి లాగాడు. దాంతోపాటు చొంగ తీగలా సాగింది. వేళ్లు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ఇబ్రహీంపట్నం బస్టాండ్ ఎదురుగా ఉన్న ఆ పుస్తకాల కొట్టు నగేష్‌ది. అతను పేజీ చింపిన మూలికల పుస్తకాన్ని కోఠిలో కిలోల లెక్కన తెచ్చాడు. రంగుల బొమ్మలు, నున్నటి కాగితం. అట్ట వెనక పాత ధర కనబడకుండా అరచేతంత స్టిక్కర్ అంటించి, దాని మీద కొత్త ధర రాసుకున్నాడు. అన్ని కాపీలకూ అంతే.

"ఆ పేజీల బొమ్మ తప్పున్నదన్నా. అన్ని పుస్తకాలల్లకెళ్లి ఆ ఒక్కటి తీసెయ్యి. నీ కాళ్లు మొక్కుత."

"చెప్పనీకి నువ్వెవనివి?"

అతని పెదాలు కదిలాయి. పుస్తకాల దొంతర వైపు చూసి తల దించుకున్నాడు.

నగేష్ అతన్ని మెట్లు దించాడు. నలిగిన పేజీని సాపు చేసి, ఫ్యాన్ కింద పెట్టి, జిగురు రాసి మళ్లీ పుస్తకంలో అంటించాడు. అసహ్యం వేసింది కానీ, పారేయడానికి మనసొప్పలేదు.

అప్పుడే ఒక అమ్మాయి వచ్చింది.

"అన్నా, మూలికల గురించి ఏం తెల్వనోళ్లు మొదలు ఏ పుస్తకం చదవాలె?"

"గిదే. బొమ్మ చూడు, మొక్క పీకు. గంతే. ఎవరికి?"

"నాకే. నా పేరు శివాని, మాది యాచారం. మా వదినకు కాన్పయింది. పాలు పడుతలేవు. పసిపిల్ల ఒకటే ఏడుస్తుంది. పిల్లిపీచర గడ్డలు దంచి తాగిస్తే పాలు పడుతయన్నరు. మా చెల్క గట్టు మీద మస్తు తీగలున్నయి గని, వాటిల ఏది పిల్లిపీచరనో తెలుస్తలేదు."

నగేష్ పేజీలు తిప్పాడు. జిగురు అంటించిన పేజీయే దొరికింది.

"ఇగో, నీ పిల్లిపీచర."

"పేజీ తడిగున్నదేంది?"

"వానకు తడిసింది."

గుమ్మం దగ్గరి నుంచి గొంతు వినిపించింది. గడ్డం మనిషి వెళ్లలేదు.

"గది పిల్లిపీచర కాదమ్మా, విషపు గడ్డ. కొత్తగ నేర్చుకునేటోళ్లు ఒక్క పుస్తకాన్ని నమ్మొద్దు. రెండు పక్కపక్కన పెట్టి చూడాలె. ఆకు చూడాలె, పువ్వు చూడాలె. అగో, గా పలుచటిది తీస్కో."

అతను చూపించిన పుస్తకం పై అరలో దుమ్ము పట్టి ఉంది. అందులో ఉన్నవన్నీ నల్ల సిరా గీతల బొమ్మలే.

నగేష్‌కు ఇప్పుడు అర్థమైంది.

"గిదా సంగతి. దాని ఏజెంటువా? గందుకే నా పుస్తకం చింపుతున్నవ్." శివాని వైపు తిరిగాడు. "నువ్వే చెప్పు చెల్లె. అచ్చయిన పుస్తకం అబద్ధం చెప్తదా, గీ కంపు మనిషి నిజం చెప్తడా?"

శివాని ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, రంగుల పుస్తకం కొనుక్కుని అతన్ని దాటి వెళ్లిపోయింది.

యాచారం బస్సు కదులుతోంది. కిటికీ పక్కన కూర్చుని ఆమె అదే పేజీ తెరిచింది.

అతను పరుగెత్తాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి పేజీ లాగేసి నోట్లో కుక్కుకున్నాడు. శివాని కెవ్వుమంది.

"దొంగ. పట్టుకోండ్రి," కొట్టులోంచి నగేష్ అరిచాడు.

మెడలో గొలుసు తెంపాడనుకున్నారు జనం. తలో దెబ్బ వేశారు.

అతను తల కాచుకోలేదు. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"గొలుసు మింగుతుండు. కక్కించుండ్రి."

వీపు మీద పిడిగుద్దులు పడ్డాయి. అతని గొంతులో ఏదో అడ్డం పడింది. మొహం నల్లబడింది. కాళ్లు తన్నుకున్నాయి. జనం మెల్లగా వెనక్కి జరిగారు.

ఆటో డ్రైవర్ హన్మంత్ అతని నోట్లో వేలు పెట్టి, ఉండ బయటికి తీశాడు.

"గొలుసు కాదు, కాయితం."

అప్పటికే ఊపిరి ఆగిపోయింది.

నగేష్ పక్కకు ఉమ్మేశాడు. "పిచ్చోడు. కాయితం కోసం సచ్చిండు."

అంబులెన్స్ వెళ్లాక శివాని బస్సు దిగి కొట్టుకు తిరిగొచ్చింది.

"వేరేది ఇయ్యన్నా. నాకు కావల్సిన పేజీనే పోయింది."

కొత్త కాపీ ఇచ్చాడు. ఆమె కదల్లేదు.

"గా పలుచటిది గూడ జర ఇయ్యి. చూసి ఇస్త."

రెండూ కౌంటర్ మీద పక్కపక్కన పెట్టింది. పలుచటి దాంట్లో పేజీలు తిప్పుతూ ఒక చోట ఆగిపోయింది.

అదే తీగ. అవే గడ్డలు. కింద మాత్రం వేరే పేరు. అడవినాభి. తింటే ప్రాణం పోతుంది.

పిల్లిపీచర వేరే పేజీలో ఉంది. సూదుల్లాంటి ఆకులు, తీగ నిండా ముళ్లు.

"పిల్లిపీచరకు ముండ్లుంటయని మా నర్సమ్మవ్వ ఎన్నడో చెప్పింది, గిప్పుడు యాదికొచ్చింది," శివాని ఆ ముళ్ల మీద వేలు పెట్టింది. "నీ బొమ్మల ముండ్లేవన్నా? గిది దంచి మా వదినకు తాగిద్దామని పోతుంటి."

నగేష్ రంగుల పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. ఇప్పటిదాకా ఈ పుస్తకం ఎవరెవరికి అమ్మాడో గుర్తు రాలేదు. జిగురు అంటిన వేళ్లు చూసుకుంటే తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోతను ఎవరి మీదైనా ఉమ్మేయాలనిపించింది.

"ఎవడు రాసిండు గీ దరిద్రం? వాని మొహం చూడాలె."

పుస్తకం తిరగేసి గోటితో స్టిక్కర్ గీరాడు.

పాత ధర పక్కనే రచయిత ఫోటో ఉంది: ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, నిండుగా నవ్వు, ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చినట్టు తెల్లటి మచ్చ.