కనుమ దాకా

వియ్యపురాళ్ళిద్దరూ గుడ్డలు కత్తిరించే బల్ల మీద మ్యాపు పరిచారు.

"ఆ పెద్ద కొండల్లో కనుమ దాకా, రానూపోనూ నలభై కిలోమీటర్లు. అంతా కంకర దారే. మరీ కష్టమూ కాదు, మరీ సులువూ కాదు," అంది అబ్బాయి తల్లి. ఆమె దర్జీ.

"ఎవరికి వదినగారూ, మేకలకా?" అంది అమ్మాయి తల్లి. ఆమె పళ్ళ డాక్టరు.

"పోయినసారిలా దిగి సైకిలు తోసుకుంటూ వద్దురుగాని."

"నేను తోసింది మీ సైకిలండీ! తమరేమో బండ మీద కూర్చుని బూట్లో రాళ్ళు దులుపుకుంటున్నారు."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. కంకరలో జారకుండా టైర్లలో గాలి కాస్త తగ్గించాలనుకున్నారు. కనుమ ఎక్కాక గంటసేపు విశ్రాంతి. బయల్దేరేది వచ్చే నెల పదిన.

తేదీ వినగానే డాక్టరు నవ్వు ఆగిపోయింది.

"అప్పటికి మన పిల్లలకి విడాకులు వచ్చేస్తాయి. ఇక మనం ఒకరికొకరం ఏమవుతామండీ?"

దర్జీ మ్యాపు మడతపెట్టి ఆమె చేతిలో పెట్టింది.

"ఏమవుతామా? ఈ మర్యాదల బాధ తప్పుతుంది, అంతే. పదో తేదీ పొద్దున్న ఆరింటికల్లా మా గుమ్మంలో ఉండు. ఆలస్యం చేశావో, చీవాట్లు తింటావు."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"వస్తాలే వదినా," అంది.