మోరీ రాసిన తప్పులు

మోరీ పేరు తీసేసిన మర్నాడే ఆ పేజీ మూగబోయింది.

వసుంధరకు అది తెలియడానికి వారం పట్టింది.

రెండు వేల సంవత్సరం అది. సింగపూర్‌లోని రాఫెల్స్ ప్లేస్‌లో ఏ అంతస్తు చూసినా కొత్త కంప్యూటర్ కంపెనీయే. వసుంధర పనిచేసే కంపెనీ జపాన్‌లోని ఒక యూనివర్సిటీ విద్యార్థులకు జర్మన్ నేర్పేది. వారానికి ఒకరోజు అక్కడే తరగతి గదిలో పాఠం. తక్కిన రోజులు నెట్‌లో. హైదరాబాద్‌లో జర్మన్ చదువుకున్న వసుంధర సింగపూర్ నుంచి ఒక వెబ్ పేజీలో ప్రశ్న వేస్తుంది. వాళ్లు ఆ పేజీలోనే జర్మన్‌లో జవాబు రాయాలి.

పిల్లలు రాస్తూ ఉంటేనే మరుసటి ఏడాది కోర్సు. కోర్సు ఉంటేనే ఆమె ఉద్యోగం.

పేర్లు యూనివర్సిటీ పంపింది. మొహాలు తెలియవు.

నలుగురి ముందు తప్పు రాయడమంటే ఆ పిల్లలకు తలకొట్టేసినట్టు. మొదట్లో ఎవరూ రాయలేదు.

రాసింది మోరీ ఒక్కడే. రాసిందల్లా తప్పే.

"నిన్న నేను రైలు తిన్నాను" అన్నాడొకసారి.

యూకో అనే అమ్మాయి ఉండబట్టలేక, "తినలేదు, ఎక్కావు" అని దిద్దింది. ఆమె వెనక ఇంకొకరు. కొన్నాళ్లకు అందరూ.

"ఎన్నిసార్లు చెప్పాలి మోరీ?" అని వసుంధర కోప్పడితే, వాళ్లే వచ్చీరాని జర్మన్‌లో అతన్ని వెనకేసుకొచ్చేవాళ్లు.

ఒకరోజు యజమాని కృష్ణప్రసాద్ ఆ పేజీ తెరిచి చూశాడు. తాతల నాడే సింగపూర్‌లో స్థిరపడిన కుటుంబం ఆయనది; అక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలిస్తాడు.

"ఎవరమ్మా ఈ మోరీ? పేజీ నిండా తప్పులే!"

"ఎంత చెప్పినా ఎక్కదండీ. నిన్న దిద్దిందే ఇవాళ మళ్లీ రాస్తాడు."

"మా తాత ఓడ దిగిన రోజు మాట్లాడిన మలయ్ ఇంతకంటే నయం లా! వచ్చే వారం యూనివర్సిటీ వాళ్లు చూస్తారు. మనకి నేర్పడం రాదనుకుంటారు."

"ఏం చేయమంటారు?"

"తీసెయ్యమ్మా. ఒక్కడి కోసం అందరి కడుపూ మాడ్చుకుంటామా?"

వసుంధర తీసేసింది. ఒక్క మీట నొక్కితే అయిపోయింది.

మర్నాడు యూకో అడిగింది. "మోరీ ఏడి? మేం మరీ ఎక్కువగా దిద్దామా?"

"మీ పాఠం మీరు చూసుకోండి" అని వసుంధర జవాబిచ్చింది.

ఆ తర్వాత యూకో రాయలేదు. ఆమెను చూసి తక్కినవాళ్లూ మానేశారు.

యూనివర్సిటీ వాళ్లు చూశారు. వాళ్లకు తప్పులు కనబడలేదు. పిల్లలూ కనబడలేదు.

మార్చిలో తనాకా అనే లెక్చరర్ జపాన్ నుంచి వచ్చింది, కోర్సు ఆపేస్తున్నామని చెప్పడానికి. మాటలన్నీ ఇంగ్లీషులోనే. కృష్ణప్రసాద్ టీ తెప్పించాడు.

"మీ తప్పేం లేదు" అంది తనాకా. "మోరీ గారు లేకపోతే మా పిల్లలు రాయరని మాకు తెలుసు."

"మోరీ గారా?"

"నాకు జర్మన్ నేర్పింది ఆయనే. మా విభాగంలో తలపండిన ప్రొఫెసర్. ముందు ఎవరో ఒకరు తప్పు రాస్తేగాని వీళ్లు నోరు విప్పరని, రిటైరయ్యాక వేరే ఊరి విద్యార్థినని చెప్పి చేరారు. మీక్కూడా చెప్పొద్దన్నారు. తెలిస్తే మీరు కోప్పడరట, పిల్లలు అడ్డురారట."

వసుంధర టీ కప్పు కింద పెట్టింది.

"ఇప్పుడెలా ఉన్నారు?"

"పోయిన నెల పోయారు. జబ్బు ముదిరి తానే రాయడం మానేశారనుకున్నాం. పిల్లలు మాత్రం తాము దిద్దినందుకే మనసు విరిగి వెళ్లిపోయాడని ఇంకా కుమిలిపోతున్నారు."

కృష్ణప్రసాద్ తల ఎత్తలేదు.

తనాకా లిఫ్ట్ ఎక్కేదాకా వసుంధర పక్కనే నడిచింది. మోరీని తీసేసింది తానేనని ఆమెకు చెప్పలేదు.

మోరీ వెళ్లింది తమ వల్ల కాదని ఆ పిల్లలకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.