పన్నెండో రోజు స్కాన్

“పద్దెనిమిది మిల్లీమీటర్లు. చక్కగా పెరిగింది,” అంటూ డాక్టర్ దేవకృప తెరను భవాని వైపు తిప్పింది. అండం ఉన్న తిత్తి నల్లగా, గుండ్రంగా కనిపిస్తోంది.

“పగిలేదెప్పుడు మేడమ్? జెర కరెక్టుగ చెప్పుండ్రి.”

“ఐదు నెలల్లో ఒక్క స్కాన్ కూడా మానలేదు నువ్వు. ఇంత పట్టుదల నేనెక్కడా చూడలేదమ్మా!”

“బుద్ధి చెప్పాల్సినోళ్లున్నరు మేడమ్,” అంది భవాని చీర సర్దుకుంటూ.

డాక్టర్ నవ్వేసి రోజులు చెప్పింది. భవాని వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

అసలు స్కాన్ గది అంటేనే ఆమెకు ఒళ్లు మండుతుంది. రెండేళ్ల కింద వేరే చోట, దొంగచాటుగా, ఇలాంటి తెర మీదే చూసి ‘ఆడపిల్ల’ అని అత్త చెవిలో ఊదాడొకడు. వారం తిరక్కుండా అత్త లచ్చమ్మ, మొగుడు రాఘవేందర్ కలిసి ఆ బిడ్డను తీయించేశారు. భవానిని నోరారా ఏడవనివ్వలేదు కూడా. పైగా ఇప్పుడు మనవడు కావాలట, మనవడు! తన ఉసురు వాళ్లకు తగలకపోతుందా అని దేవుడి మీద వదిలేసే రకం కాదు భవాని. ఆ కసి తానే తీర్చుకుంటానని అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

లోపలికి ఒక్కరినే రానిస్తారు కాబట్టి లచ్చమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. కోడలిని చూడగానే లేచింది.

“ఏమన్నదే డాక్టరమ్మ?”

“ఇంక మూడు రోజులు ఆయన నా దగ్గరికి రావద్దంట అత్తమ్మా. బలం నిలవాలంట. నాలుగో రోజు కలవాలంట.”

“గంతేనా? నేను చూసుకుంట!” లచ్చమ్మ అక్కడికక్కడే కొడుక్కి ఫోన్ కొట్టింది. “అరే రాఘవేందర్, డ్యూటీ దిగి సీదా మౌలాలిల అక్కోళ్లింటికి పో. మూడు రోజులు ఇంటి మొఖం చూడకు. ఎందుకేందిరా? నాకు మనవడు కావాల్నా, వద్దా?”

అట్నుంచి అటే మోండా మార్కెట్‌కు వెళ్లి కొడుకు కోసం బాదంపప్పు కొంది. సంచీ పట్టుకుని నడుస్తూ నడుస్తూ ఆగి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“ఒక్కగానొక్క కొడుకు. నా వంశం గిట్లనే ఆగిపోతదా ఏందే? ఐదు నెలలాయె, నీ కడుపెందుకు పండదే?”

ఆ ఏడుపును భవాని కళ్లారా చూసింది. కడుపులో మంట కాస్త చల్లారింది.

“ఏం చేస్తం అత్తమ్మా? డాక్టరమ్మ చెప్పినట్టే చేస్తున్నం గద.”

డాక్టర్ కలవమన్నది సరిగ్గా ఆ మూడు రోజులే.