పురుగు పట్టింది

గోదాములోకి మొలలోతు నీళ్ళొచ్చిన వరద ఏడాది అది.

గోదాము కాపలాదారు కూతురికి ఒళ్ళు కాలిపోతోంది. క్రిములు నెత్తుట్లోకి చేరాయన్నారు ఆసుపత్రిలో. ఒంట్లో రక్తం లేదు, ఎక్కించాలన్నారు.

ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఇచ్చిన రక్తం ఎక్కుతోంది.

ఆ మనిషి వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా నిండా బురద.

కాపలాదారు తన కూతురి చెయ్యి వదల్లేదు. వదిలితే పోతుందేమోనని భయం.

పరీక్షల గదిలో పిల్ల రక్తం చూస్తున్న ఒకామె తల బయటపెట్టి కేకేసింది.

"డాక్టరమ్మా! కొత్త రక్తం... పురుగు పట్టింది!"

ఆ కేక కాపలాదారు చెవినపడింది. గోదాములో ఆ మాటకు ఒకటే అర్థం. పురుగు పట్టిన బస్తాను పక్కవాటికి అంటకముందే బయట పారేస్తారు.

వరండాలోకి ఉరికాడు.

"ఏరా, పుచ్చు రక్తం పోశావా నా బిడ్డకి?"

"పరీక్ష చేసే తీసుకున్నారన్నా."

"నీ బిడ్డకైతే ఇలాంటిది ఇచ్చేవాడివా?"

ఆ మనిషి లేచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కాపలాదారు లోపలికొచ్చి గొట్టం పీకబోయాడు. నర్సు అతని చెయ్యి ఒడిసి పట్టుకుంది.

"పిల్లని చంపుకుంటావా అన్నా!"

"పురుగు పట్టిందంట కదమ్మా!"

డాక్టరమ్మ పరుగున వచ్చింది.

"రక్తానికి పురుగు పట్టలేదయ్యా. రక్తమే పురుగును పట్టింది."

"రక్తం పట్టడమేంటమ్మా?"

"ఎర్రకణాలు గాలి ఒక్కటే మొయ్యవు. క్రిముల్ని ఒంటికి తగిలించుకుని కాలేయం దాకా, ప్లీహం దాకా మోసుకెళ్తాయి. అక్కడ వేరే కణాలు కాచుకుని ఉంటాయి. అవి ఆ క్రిముల్ని లాక్కుని మింగేస్తాయి. ఇవి మళ్ళీ మోతకు పోతాయి."

"మోసేది ఒకరు, మింగేది ఒకరు. మా గోదాము హమాలీల బతుకే అన్నమాట" అన్నాడు.

పొద్దు వాలేసరికి జ్వరం దిగింది. పిల్ల కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది.

అప్పుడేడ్చాడు.

"ఆ మనిషేడమ్మా? నోటికొచ్చినట్టు అన్నాను. కాళ్ళ మీద పడాలి" అన్నాడు నర్సుతో.

"రేపు పొద్దున శ్మశానంలో ఉంటాడు. అక్కడికెళ్ళు."

"అక్కడేం పని?"

నర్సు తల వంచుకుని చెప్పింది.

మర్నాడు తెల్లారగానే కాపలాదారు పార భుజాన వేసుకుని వెళ్ళేసరికి, కన్నకూతురి కోసం ఇచ్చిన రక్తం అందేలోపే ఆ పిల్ల పోతే, పక్క మంచం బిడ్డకైనా ఎక్కించమన్న ఆ తండ్రి, ఒక్కడే చిన్న గుంట తవ్వుతున్నాడు.