జారిన గాజుగోళం

నీళ్లు చల్లాలి, సుద్దతో వలయం గీయాలి, గాజుగోళం తుడవాలి, జనాన్ని పిలవాలి. మరాకేష్ ఊరి మైదానంలో గాజుగోళం ఆట ఆడించే గురువు అల్లాల్ చేసే పనులన్నీ, ఆయన చనిపోయిన వారానికి శిష్యుడు జీలాలీ ఒక్కడే చేశాడు. ఏడుపు రాలేదు, భయం కూడా వేయలేదు.

ఆట మధ్యలో చేతి మీద దొర్లుతున్న గోళం మోచేతి దగ్గర జారి పడి, పగలకుండా జనం కాళ్ల దగ్గరికి దొర్లింది. జనం కదిలిపోబోయారు. అతడు దాన్ని తీయడానికి వంగబోయాడు.

"వంగకురా," అంది పక్కనే గోరింటాకు పెట్టే తూదా. "మీ గురువు ఎప్పుడైనా వంగాడా?"

"ఆయనకి చెయ్యి వణికేది. పడేసుకుని సిగ్గుతో నిలబడిపోయేవాడనుకున్నా, అత్తా."

"వణకడమా, నీ తలకాయ. రోజూ కావాలనే వదిలేవాడు. తీసిచ్చినవాడు ఆట చూడకుండా పోడు."

జీలాలీ నిలబడ్డాడు. ఓ ముసలాయన గోళం తీసి, అంగీకి తుడిచి అతడి చేతికిచ్చి, అక్కడే చతికిలబడ్డాడు. మిగతావాళ్లూ ఆగారు. గోళం వెచ్చగా ఉంది.

మీ కాళ్ల దగ్గరికి ఎప్పుడైనా అలాంటి గోళం దొర్లివస్తే, తీసిచ్చేటప్పుడు అల్లాల్‌ని ఒక్కసారి తలుచుకోండి.