కుడిచేతికి పిలుపు

శత్రువు సరిహద్దు దాటాక, మోటారున్న ప్రతి వస్తువునూ సైన్యం పిలిపించుకుంటోంది. మా పెళ్లికొచ్చిన మిక్సీ వెళ్లింది, ఫ్యాన్ వెళ్లింది. నాకేమీ దిగులనిపించలేదు. రోట్లో నూరిన కొబ్బరిపచ్చడికి ఆయన లొట్టలేస్తుంటే, ఉన్న ఒక్క విసనకర్ర కోసం ఇద్దరం దెబ్బలాడుకుంటుంటే, యుద్ధంలోనూ మా కొత్తకాపురం పండగలాగే ఉంది.

ఈ ఉదయం ఆయన నాకు జడ వేస్తున్నారు. ప్రమాదంలో పోయిన కుడిచేతి స్థానంలో ఆయనకు మోటారుతో కదిలే మరచెయ్యి ఉంది. అది జడ వెయ్యడం పెళ్లయ్యాకే నేర్చుకుంది. ఇవాళ జడ సగంలో ఉండగా ఆగిపోయింది.

"ఏమండీ, అప్పుడే అలిసిపోయారా?"

"నేను కాదే వకుళా. చెయ్యి నా మాట వినట్లేదు."

వీధిలో వ్యాను ఆగింది. ఆ చెయ్యి తనంతట తనే ఆయన్ని లాక్కెళ్లి తలుపు గడియ తీసింది.

"చెయ్యి తీసుకెళ్లండి బాబూ, మనిషిని వదిలేయండి," అన్నాను, వ్యాను దిగొచ్చిన జవానుతో.

"ఎముకలో బిగించేశారమ్మా, విడిగా రాదు. సార్ కూడా రావాల్సిందే," అన్నాడు జవాను, జాలిగానే.

"జడ విప్పేయకు. వచ్చి పూర్తిచేస్తా," అంటూ ఆయన నవ్వబోయారు.

వ్యాను కదిలింది. ఆయన నాకు ఎడమచెయ్యి ఊపారు. కుడిచెయ్యి అప్పటికే సెల్యూట్ కొడుతోంది.